గంజినూకల తూకం

ఆ సాలెవాడలో ఎవరినైనా "తిన్నవా?" అని పలకరించవచ్చు. మనవాళ్ళకు అది దండం పెట్టడం లాంటిదే. జవాబు కోసం అడిగేది కాదు, జవాబు వినడానికి ఎవరూ ఆగరు కూడా. ఒక్క అనసూర్యను మాత్రం అలా అడగరు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు అత్తలు ముందుగానే చెవిన వేస్తారు, ఆమెతో ఏమైనా మాట్లాడు గాని ఆ మాట మాత్రం ఎత్తకు అని. ఎందుకో చెప్పరు. చెప్పాలంటే ఎవరి పొయ్యి సంగతి వాళ్ళు బయట పెట్టుకోవాలి మరి.

అనసూర్య పుట్టిల్లు జమ్మికుంట. తండ్రి అక్కడి పత్తి మార్కెట్లో బండి తోలేవాడు. చొప్పదండికి అవతల ఉన్న ఈ వాడలో దశరథం అనే నేతగాడికి ఆమెను ఇచ్చారు. కాపురానికి వచ్చిన మొదటి పొద్దున అత్త శంకరవ్వ ఆమెకు రాట్నం నేర్పలేదు, నూలు కండెలు చుట్టడం నేర్పలేదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పింది.

"సాలోళ్ళ ఇంట్ల పొగ ఆగొద్దు బిడ్డా. పొగ ఆగితె నూలు ఆగుతది."

దీని వెనక ఒక లెక్క ఉంది. మగ్గం దశరథానిదే గాని దాని మీది నూలు అతనిది కాదు, సావుకారు అంబదాస్‌ది. సావుకారు నూలు ఇస్తాడు, వీళ్ళు నేసి బట్ట ఇస్తారు, కూలి తీసుకుంటారు. ఆకలిగొన్న ఇంటికి నూలిస్తే ఆ నూలే అమ్ముకొని తింటారని సావుకార్లకు భయం. అందుకని అంబదాస్ పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకొని మిద్దె ఎక్కి సాలెవాడ కప్పుల మీదుగా ఒకసారి చూపు తిప్పేవాడు. ఏ కప్పు మీద పొగ లేదో ఆ ఇంటికి ఆ విడత నూలు ఉండదు. ఈ మాట ఆయన నోటితో అన్నట్టు విన్నవాళ్ళు లేరు. అయినా వాడ వాడంతా దాన్ని వేదంలా నమ్మింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పూ ఉండేది, పొగా ఉండేది, పైన ఎసరూ మరిగేది. ఎసట్లో పోయడానికే ఏమీ ఉండేది కాదు. జొన్న కొయ్యలు, ఊకా వేసి ఉత్త నీళ్ళు కాచిన పొద్దులు ఆ వాడలో ప్రతి ఇంటికీ ఉన్నాయి.

శంకరవ్వ పోయింది, ఆమె చెప్పిన మాట ఇంట్లో నిలిచింది. అనసూర్యకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు, ఒకరు జ్వరంతో, ఒకరు అమ్మవారు పోసి. మూడోవాడు పుట్టినప్పుడు వీడైనా మొండికేసి బతకాలని మొండయ్య అని పేరు పెట్టుకున్నారు. వాడు నాలుగేళ్ళదాకా పేరు నిలబెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది కరువు. వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. జనం తిండికే లేక అల్లాడుతుంటే బట్ట ఎవరు కొంటారు? అంబదాస్ ఇచ్చే నూలు సగమైంది. ఇంట్లో గట్టి జొన్నగటక అంబలి అయింది, అంబలి పలచనై పలచనై చివరికి కుండ అడుగు కనబడే నీళ్ళయింది. దశరథం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని ఊరికే కూర్చునేవాడు.

మొండయ్య కాళ్ళు ఉబ్బాయి. తరువాత ముఖం ఉబ్బింది. పక్కింటి రామవ్వ చూసి, "పోరడు ఒళ్ళు చేసిండు గదనే" అన్నది. అది నిజమే అయితే ఎంత బాగుండునని అనసూర్య అనుకున్నది. కానీ వాడి నల్లటి జుట్టు ఎర్రబడి ఊడిపోతున్నది, వాడు ఆటకు లేవడం లేదు, ఈగ ముఖం మీద వాలినా తోలుకోవడం లేదు. వాడి పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడేది. వేలు తీసినా ఆ గుంట పూడేది కాదు. దాన్ని చూసినప్పుడల్లా ఆమె ఆ పాదాన్ని రెండు చేతులతో కప్పేసేది. ముందు పుట్టిన ఇద్దరినీ మట్టిలో పెట్టిన చేతులు అవి. మూడోవాణ్ణి కూడా పెట్టాల్సి వస్తుందన్న భయం తప్ప ఆమె మనసులో మరొకటి లేదు.

అయినా ఒక పని చేసింది. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పిల్లవాడు వాకిట్లో కూర్చొని "ఆకలి" అని ఏడిస్తే ఆ ఏడుపు పోయి పోయి సావుకారు మిద్దె మీదికి చేరుతుంది. అందుకని వాడికి ఒక ఆట నేర్పింది. తాను బయటికి పోయి, కొంగు ముఖం మీదికి లాక్కొని, కొత్త మనిషిలా గొంతు మార్చి లోపలికి వచ్చేది.

"ఏమిరా మొండయ్యా, తిన్నవా?"

"తిన్న. కడుపునిండ తిన్న."

అలా అనాలి. "ఆకలైతుంది" అంటే తొడ మీద గిల్లుడు. వాడు అది నేర్చుకున్నాక ఆమె ఆట ముదిరించింది. బుజ్జగించి అడిగేది, "నిజం చెప్పు బిడ్డా, ఆకలైతుందని చెప్పు, రొట్టె పెడత" అని బతిమాలేది, ఏడుపు ముఖం పెట్టేది. దేనికీ లొంగకుండా "తిన్న" అని నిలబడితేనే వాడు గెలిచినట్టు. నాలుగేళ్ళ పిల్లలకు ఆటంటే ప్రాణం కదా. కొద్దిరోజుల్లోనే వాడు ఎంత గట్టివాడయ్యాడంటే, రామవ్వ నవ్వి, "పెద్ద వకీలు వచ్చినా వీని నోట్ల నుంచి నిజం గుంజలేడు" అన్నది.

ఆ ఎండాకాలంలోనే హమీద్ వచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, మంచి ఇంటి పిల్లవాడిలా మాట్లాడేవాడు. భుజాన సంచిలో తరాజు, కొత్తగా వచ్చిన కిలోల రాళ్ళు. సర్కారు అప్పగించిన పని విచిత్రమైనది. ఇంటింటికీ తిరిగి, కుండలోకి పోయే ప్రతి గింజనూ పోకముందే తూచి, ఆ ఇంట్లో మనుషులెందరో, వాళ్ళకు పూటకు ఎంత తిండి అందుతుందో రాసుకోవడం. నిన్న ఏం తిన్నారని అడిగితే జనం మరిచిపోతారు, ఒకరు ఎక్కువ చెబుతారు, ఒకరు తక్కువ చెబుతారు. అందుకని నోటిమాట నమ్మవద్దు, తూకాన్నే నమ్మమని పైవాళ్ళు ఆయనకు నేర్పి పంపారు. తరాజుకు అబద్ధం రాదన్న మాట నిజమే. కానీ తరాజులో ఏం పోయాలో మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ సంగతి నేర్పినవాళ్ళకు తట్టినట్టు లేదు.

పరాయి మగవాడు వంటింట్లోకి రాడు. కాబట్టి ఆయన అరుగు మీద కూర్చుంటాడు, ఆడవాళ్ళు వండబోయేది చేటలో పోసి బయటికి తెస్తారు, తూచాక లోపలికి తీసుకుపోతారు. ఈ వార్త వినగానే వాడకు చలిజ్వరం పట్టుకున్నది. చేటలో ఏం తెచ్చి చూపాలి? తరాజు తేలిపోతే ఆ మాట సావుకారు చెవిన పడకుండా ఉంటుందా?

"నా ఇంట్ల గంజినూకలు ఉన్నయి గద వదినె" అన్నది అనసూర్య, రామవ్వతో.

గంజినూకలంటే ఏమిటో చెప్పాలి. మగ్గం మీదికి ఎక్కించేముందు నిలువు పోగుల పడుగును వీధి పొడుగునా కట్టి, నూకలు కాచిన గంజి పట్టిస్తారు. గంజి తాగితేనే పోగు గట్టిపడుతుంది, నేతలో తెగదు. దానికోసం సావుకారు నూలుతో పాటు నూకలూ ఇస్తాడు. ఆ నూకలు నూలువి, మనుషులవి కావు. గుప్పెడు తగ్గినా పోగులు తెగుతాయి, బట్ట చేత్తో పట్టుకోగానే సావుకారుకు తెలిసిపోతుంది. ముందు నూలు తిన్నాక మనం తినాలన్నది ఆ వాడలో పిల్లలకు దేవుడి పేరు కంటే ముందు వచ్చే మాట. ఎంత ఆకలైనా గంజినూకల మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. ఆ వారం నాలుగైదు ఇళ్ళకు కలిపి గంజి పట్టే పని ఉన్నది. నూకలు అనసూర్య ఇంట్లో మూటగట్టి ఉన్నాయి.

అనసూర్య తెలివిగలది. ఆ తెలివిని తానే తిట్టుకోని రోజు ఆ తరువాత ఆమెకు లేదు.

హమీద్ మొదట ఆమె ఇంటి అరుగు మీదనే కూర్చున్నాడు. ఆమె నూకలు చేటలో తెచ్చింది. ఆయన తూచి రాసుకొని, ఇచ్చిన మంచినీళ్ళు తాగేలోపల ఆ నూకలు పెరటిగోడ మీదుగా రామవ్వ ఇంటికి చేరాయి. రామవ్వ ఇంటి అరుగు మీద తూగి అవతలి ఇంటికి పోయాయి. ఇలా ఒకటే నూకలు వాడంతా ఊరేగాయి. మూడో ఇంటి దగ్గర హమీద్ చేట వంక కాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఏమనబోయాడో ఏమో, అనకుండా రాసుకున్నాడు. గోడల వెనక ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వుకున్నారు. కరువు మొదలైనప్పటి నుంచి ఆ వాడ నవ్వింది ఆ ఒక్కరోజే. సర్కారు మనిషికి తమ పరువు చూపించి పంపామని అందరికీ సంతోషం.

ఆ సాయంత్రం ఆ నూకలు కాచి పడుగుకు పట్టించారు. వీధి పొడుగునా నూలు కడుపునిండా తాగింది. మొండయ్య నెమ్మదిగా పాకుతూ పోయి, పోగుల నుంచి కారుతున్న గంజిని వేలితో తీసుకొని నాకడం అనసూర్య చూసింది. వెళ్ళి లాగాలి. లాగలేదు, ముఖం పక్కకు తిప్పుకున్నది.

వారం తిరగకముందే రామవ్వ పిడుగు లాంటి కబురు తెచ్చింది. పిల్లలకు రోజూ పాలు, జావ పోసే కేంద్రం ఒకటి ఊరికి వస్తున్నదట. ఏ వాడలో తిండి తూకం తక్కువగా తేలిందో అక్కడ పెడతారట. అది చెరువు అవతలి వాడకు పోతున్నదట. సాలెవాడలో అందరూ మంచిగనే తింటున్నారని కాయితం మీద ఉన్నదట.

అనసూర్య ఆ మాట రెండుసార్లు చెప్పించుకొని విన్నది. పాలు. రోజూ పాలు. తన చేతులతో తానే ఆ గిన్నెను కొడుకు నోటి దగ్గర నుంచి లాగేసి అవతలి వాడకు పంపింది. పిల్లవాణ్ణి చంకనెత్తుకొని, హమీద్ బస దిగిన బడి దగ్గరికి పరుగులాంటి నడకతో పోయింది. ఉబ్బిన పిల్లవాడు చేతికి బరువుగా లేడు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

హమీద్ సామాను సర్దుకుంటున్నాడు.

"సార్, మా వాడ తూకం తప్పు" అన్నది ఆమె, ఆయాసంతో. "మీరు తూచింది తినే గింజలు కావు. నూలుకు పెట్టే నూకలు. ఒక్కటే నూకలు ఇల్లిల్లు తిరిగినయి. నేనే తిప్పిన."

హమీద్ ఉలిక్కిపడలేదు. "నాకు ఎరుకే అక్కా" అన్నాడు. "మీ ఇంట్ల చేటల ఒక ఎర్ర పోగు ఉండె. మూడో ఇంట్ల గుడ గదే పోగు. ఆఖరి ఇంట్ల గుడ గదే."

"ఎరుకై మరి ఎట్ల రాసినవ్?"

ఆయన తరాజు గొలుసులు విప్పాడు, మళ్ళీ చుట్టాడు. "నలభై ఎనిమిదిల, నిజాం రాజ్యం పోయినప్పుడు, మా అబ్బా కొలువు పోయింది అక్కా. ఇంట్ల ఏం లేకున్నా మా అమ్మి పొయ్యి మీది ఖాళీ దేగ్చీల గంటె తిప్పేది, గోడ అవతలోళ్ళకు సప్పుడు వినబడాలని. ఎవలన్న వచ్చి మూత తీసి సూస్తరేమోనని నాకు ఒకటే ఫికర్. మీ వాడల గా పోగు సూసినప్పుడు మా అమ్మి యాదికొచ్చింది. మీ మూత నేనెట్ల తియ్యాలె?"

అనసూర్యకు ఒళ్ళు మండింది. ఆ మంచితనం మీదనే మండింది. "తియ్యాల్సి ఉండె సార్. మూత తీసి, మమ్మల్ని నలుగుర్ల నవ్వులపాలు చేసినా బాగుండు." పిల్లవాడి కాలు ఆయన ముందుకు జాపి పాదం మీద వేలితో నొక్కింది. ఇద్దరూ ఆ గుంట వంక చూశారు. అది పూడలేదు.

"రేపు మా పెద్ద సార్ వస్తుండు" అన్నాడు హమీద్ చివరికి. "ఆయన ముందట మళ్ళ తూకం పెడత. అందరు ఉన్నది ఉన్నట్టు సూపియ్యున్రి. ఏం లేకుంటె ఏం లేదని చెప్పున్రి. పొయ్యిల రాజేసుడు గూడ వద్దు. జర ధైర్యం చేయున్రి అక్కా."

ఆమె వాడకు తిరిగి వచ్చి ప్రతి గడపా తొక్కింది. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. రామవ్వ దగ్గర అదీ చేసింది.

"రేపు ఒక్కపూట పొగ పెట్టకు వదినె. నీ పిలగాండ్లకు గూడ పాలొస్తయి."

"పెద్ద సారు ఎంబడి సావుకారు వస్తుండట" అన్నది రామవ్వ. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. "పాలు వస్తయో రావో గాని నూలైతె పోతది. నీ కొడుకు కోసం నా మగ్గం పండబెట్టుమంటవా అనసూర్య?"

రామవ్వ స్థానంలో ఉంటే తానూ అదే అనేది.

తెల్లవారి ప్రతి కప్పు మీదా పొగ లేచింది. పెళ్ళివారు దిగిన ఊరిలా వాడంతా పొగలు కక్కింది. ఒక్క అనసూర్య ఇంటి మీద లేదు. దశరథం అడ్డం చెప్పలేదు, మగ్గం గుంటలో తల వంచుకొని కూర్చున్నాడు. ఆమె పొయ్యిలో పుల్ల పెట్టలేదు. కానీ పెద్దమనుషులు వస్తున్నారు, పొయ్యి బూడిదతో ఉంటే ఏం బాగుంటుందని చెయ్యి ఊరుకోక ఎర్రమన్నుతో అలికి పెట్టింది. ఆకలి పరువును మింగలేదు, చూడండి.

పెద్ద సారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, చెడ్డవాడేమీ కాదు, ఓపికగానే ఉన్నాడు. పక్కన హమీద్, వెనక పంచె కుచ్చిళ్ళు చేత్తో పట్టుకొని సావుకారు అంబదాస్. అందరి ఇళ్ళలో ఎసళ్ళు మరుగుతున్నాయి, ఎక్కడెక్కడివో తెచ్చిన గుప్పెడు గింజలు చేటల్లో కనబడ్డాయి. ఆఖరికి అనసూర్య అరుగు దగ్గరికి వచ్చారు. హమీద్ తరాజు పైకెత్తాడు. ఆమె వట్టి చేట తెచ్చి ముందు పెట్టింది.

"మొన్న మీ ఇంట్లో సరిపడా నూకలు తూగాయని ఉందమ్మా" అన్నాడు పెద్ద సారు. "ఇవాళేమో ఏమీ లేదంటున్నావు. ఏది నిజం?"

"ఇయ్యాల్టిది నిజం సార్. మొన్నటియి నూలు తినే నూకలు."

అంబదాస్ నవ్వాడు. "పాలపొడి ఇస్తరంటె ఎవలైన గిట్లనే అంటరు సార్. పొద్దుగాల్నే వండుకొని తిన్నరు. గా పొయ్యి సూడున్రి, అలికిన తడి గూడ ఆరలే."

పెద్ద సారు వాకిట్లో నుంచే వంగి చూశాడు. పొయ్యి నున్నగా, తడిగా, ఎర్రగా మెరుస్తున్నది.

"సార్, ఆమె చెప్పేది నిజమే" అన్నాడు హమీద్. "నేను అప్పుడే సూసిన."

"చూసి అలా రాశావా?" అన్నాడు ఆయన. "నీ రాత నమ్మాలా, నీ మాట నమ్మాలా?" హమీద్ ఎత్తిన తరాజు దించాడు. పెద్ద సారు నిట్టూర్చి, గడప పక్కన గోడకు ఆనుకొని కూర్చున్న మొండయ్య వైపు తిరిగాడు. నిండుగా ఉన్న బుగ్గలు చూశాడు. "పెద్దవాళ్ళు ఎన్నైనా చెబుతారు. పిల్లలకు అబద్ధం రాదు. బాబూ, ఇవాళ ఏమైనా తిన్నావా?"

అనసూర్య పిల్లవాడి ముందు మోకాళ్ళ మీద కూలబడి వాడి రెండు చేతులూ పట్టుకున్నది. "నిజం చెప్పు బిడ్డా. ఆకలైతుందని చెప్పు. సారు పాలిస్తడు. నీ కాళ్ళు మొక్కుత, చెప్పు." ఆమె కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

మొండయ్య తల్లి ముఖంలోకి చూశాడు. ఆ బుజ్జగింపు, ఆ బతిమాలడం, ఆ ఏడుపు అన్నీ వాడికి తెలిసినవే. ఎన్నో రోజుల తరువాత వాడి కళ్ళలోకి ఆట వచ్చింది. గోడ పట్టుకొని లేచి నిలబడి, కొత్త మనిషికి వినబడేటట్టు గట్టిగా చెప్పాడు.

"తిన్న. కడుపునిండ తిన్న."

ఆ తరువాత చెప్పడానికి ఎక్కువ లేదు. పాలకేంద్రం చెరువు అవతలి వాడకే పోయింది. కప్పు మీద పొగ లేని ఇల్లు కనుక ఆ విడత దశరథానికి నూలు రాలేదు. హమీద్ ఎక్కడో అడిగి ఒక డబ్బా పాలపొడి తెచ్చి ఇచ్చాడు, కానీ అప్పటికే పిల్లవాడి కడుపులో పాలు ఇమడలేదు, తాగింది తాగినట్టు కక్కాడు. తొలకరి పడకముందే మొండయ్య పోయాడు. దశరథం మళ్ళీ మగ్గం ఎక్కాడు, వాడ మళ్ళీ పొగలు పెట్టుకున్నది, అనసూర్య కూడా పెడుతున్నది. బతికి ఉన్నవాళ్ళు మరేం చేస్తారు?

ఇవన్నీ ఆమె ఓర్చుకున్నది. ఓర్చుకోలేనిది ఒక్కటే. ఆ రోజు పెద్దమనుషులు అరుగు దిగి వెళ్ళిపోయాక, నిలబడ్డ ఆయాసానికి మొండయ్య ఆమె ఒళ్ళో వాలిపోయి, కొంగు పట్టుకొని మెల్లగా అడిగాడు.

"మంచిగ చెప్పిన గదా అవ్వా? గిల్లవు గదా?"

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నది అనసూర్య. "గిల్ల."